ఐదు రైఫిళ్లకు చింతపండు

హన్మాండ్లు ఎన్నడూ తుపాకి పేల్చలేదు. కోరుట్ల దగ్గర పల్లెలో నాగలి కర్రులు సాగదీసే కమ్మరి. కొలిమిని తమ్ముడికి అప్పగించి 1979లో షార్జా వచ్చాడు. అతని కఫీల్‌కు, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న అరబ్బు యజమానికి, పాత సామాన్ల గోదాము ఉండేది.

రెండేళ్ల తర్వాత, ఆ గోదాము మూలన తెల్లవాళ్ల దండు వదిలిపోయిన పెట్టెలు బయటపడ్డాయి. గడ్డకట్టిన గ్రీజులో ఇరవై రైఫిళ్లు. పాత సైనిక తుపాకులు సేకరించే తెల్ల ఇంజనీరు ఒకడు పోలీసుల అనుమతి తెచ్చుకుని, నాలుగో రోజున వచ్చి చూస్తానన్నాడు. “కిరసనాయిలుతో గ్రీజు తుడువు, అంతే” అని చెప్పి కఫీల్ అల్ ఐన్ తోటకు వెళ్లాడు.

ఆ రోజు దసరా. దసరా నాడు కమ్మరి చేతికి ఆయుధమిస్తే తుడిచి ఊరుకోడు. హన్మాండ్లు గరుకు కాగితంతో ఐదు గొట్టాలను అద్దంలా తోమి, కుంకుమ పెట్టి, అగరొత్తి వెలిగించాడు. దీన్ని భక్తి అననక్కర్లేదు. చేతి అలవాటు.

సాయంత్రం పికప్ డ్రైవర్ పీరా వచ్చాడు. నెల్లూరు మనిషి. చూసి నెత్తి పట్టుకున్నాడు.

“ఏందబ్బా ఇది? పెళ్లికూతుళ్లను చేశావే!”

“దసరా గద భాయ్. తుప్పుతోటి పూజకు పెడ్తమా?”

“ఆ తెల్లోడికి కావాల్సిందే ఆ పాత నలుపు. అది పోతే ముట్టుకోడు. కఫీల్ ఖలాస్ అని నిన్ను ఇంటికి తోలేస్తాడు. పాస్‌పోర్టు ఎవరి బీరువాలో ఉందో తెలుసుగా?”

తిరిగి వెళితే హన్మాండ్లుకు కూర్చోవడానికి కొలిమి కూడా లేదు. ఒక గొట్టాన్ని వెలుగులో తిప్పి చూశాడు.

“భాయ్, చింతపండు ఉన్నదా?”

“ఇప్పుడు చారు కాచుకుంటావా?”

“తే ముందుగాల!”

కర్ర భాగాలు ఊడదీశాడు. గొట్టాలకు చింతపండు, ఉప్పు కలిపిన నీళ్లు పూసి తడి గోనెలు చుట్టాడు. ఎర్రటి తుప్పు లేచింది. సలసల కాగే నీళ్లు పోస్తే ఆ ఎరుపు నల్లబడింది. రుద్దాడు, మళ్లీ పూశాడు. మూడు రోజులు అదే పని. చివరికి నూనె పట్టించి, కర్రలు బిగించి, మిగతా పదిహేను తర్వాత వరస చివర పెట్టాడు.

ఇంజనీరు భూతద్దంతో ఒక్కొక్కటే చూస్తూ వచ్చాడు. కఫీల్ నవ్వుతూ వెంట నడిచాడు. పదహారో దాని దగ్గర ఇంజనీరు ఆగాడు. గోటితో గీశాడు. వాసన చూశాడు. పక్కన పెట్టాడు. తర్వాతి నాలుగూ పక్కన పెట్టాడు. ఏదో అడిగాడు. కఫీల్ నవ్వు ఆగిపోయింది.

వచ్చీరాని ఇంగ్లీషుతో నెట్టుకొచ్చే పీరా మెల్లగా అన్నాడు: “వీటిని నల్లబరిచిందెవరంటున్నాడు. మొదట్నించీ అట్లే ఉన్నాయని చెప్పనా?”

“ఈ చేతులు వెట్టుకొనా? నేనే అని చెప్పు.”

వేళ్లు రెండో కణుపు దాకా నల్లగా ఉన్నాయి. దీన్ని నిజాయితీ అని పొగడబోయేవాళ్లు ముందు ఆ వేళ్లు చూడాలి.

ఇంజనీరు బయటికి నడిచాడు. కఫీల్ హన్మాండ్లు వైపు తిరిగాడు. అంతలో కారు డిక్కీ మూసిన చప్పుడైంది. ఇంజనీరు పొడుగు సంచితో తిరిగొచ్చి, తన సొంత రైఫిల్ తీశాడు. గొట్టం నడుమ జానెడు మేర తళతళ మెరుస్తోంది.

పీరా నవ్వు ఆపుకోలేకపోయాడు. “కొత్తలో ఈయన కూడా తోమాడంటబ్బా! నల్లబరుస్తావా అంటున్నాడు.”

హన్మాండ్లు గొట్టం మీద బొటనవేలు నడిపాడు. “మూడు రోజులు. గరుకు కాగితం ఇంట్ల ఉంచుకోవద్దని చెప్పు.”

పీరా మూడు రోజుల మాట మాత్రమే చెప్పాడు.

ఇంజనీరు పదిహేను తీసుకున్నాడు. ఐదు మిగిలాయి. కఫీల్ వాటి వంక చూశాడు, ఇంజనీరు నల్లబరచమని వదిలి వెళ్లిన రైఫిల్ వంక చూశాడు. “యల్లా,” అన్నాడు, పనిలోకి పొమ్మని.

హన్మాండ్లు ఇంకో నాలుగేళ్లు అక్కడే ఉన్నాడు. చింతపండు మాత్రం ఆ తర్వాత కఫీల్ ఖర్చే.