లింబవ్వ అరుగు మీద రెండు గల్లీలు

నిజామాబాద్ బస్టాండులో బోధన్ బస్సు కోసం నిలబడి ఉండగా ఫోను మోగింది. అవతల లింబవ్వ కోడలు పద్మ. "సుజాతక్కా, అత్తమ్మ ఇగ లేదక్కా" అంది. నేను నమ్మలేదు. "పొద్దుగాల నన్ను తిట్టింది గదనే!" అన్నాను. ఆ మాట అబద్ధం కాదు. ఆ ఉదయమే అరుగు మీద నుంచి కేకేసి, జడ సరిగా అల్లుకోలేదని నలుగురిలో నన్ను చీవాట్లు పెట్టిన మనిషి, మధ్యాహ్నం అన్నం తిని ఒరిగి, మళ్ళీ లేవలేదట. బస్సులో కూర్చున్నంతసేపూ నా మనసు ఆ వార్తను లోపలికి రానివ్వలేదు. బోధన్‌లో దిగి, మా గల్లీ మొదట్లోనే ఆడవాళ్ళ ఏడుపు వినిపించాక గానీ నాకు కన్నీళ్ళు రాలేదు.

అంత్యక్రియలకు రెండు గల్లీలూ కదిలి వచ్చాయి. మాది పద్మశాలీల గల్లీ, వెనకది ముస్లింల గల్లీ. రెండూ కలిసే మూల మీద లింబవ్వ ఇల్లు. పాడె లేచే వేళ, ఆమె పక్కన కూర్చుని జీవితమంతా బీడీలు చుట్టిన మహబూబ్‌బీ నా మోచెయ్యి పట్టుకుంది. "సుజాతా, రేపు లొల్లి అయితె నడుమ ఎవరు నిలబడ్తరే?" అని అడిగింది. ఈ నాలుగు మాటలు రాయడానికి నన్ను కూర్చోబెట్టింది ఆ ప్రశ్నే.

లింబవ్వ రెంజల్ దగ్గరి పల్లెలో పుట్టింది. చక్కెర ఫ్యాక్టరీ కూలికి భార్యగా బోధన్ వచ్చింది. ఫ్యాక్టరీ మూతపడి భర్త ఇంట్లో కూలబడ్డాక, చాట ఒడిలో పెట్టుకుని బీడీలతో సంసారాన్ని ఈదింది. ఆమె అరుగు విశాలమైనది, నీడ గలది. పైగా తునికాకు తడపడానికి నీళ్ళతొట్టి ఆమె వాకిట్లోనే ఉండేది. అందుకని రెండు గల్లీల ఆడవాళ్ళూ అక్కడికే చాటలు తెచ్చుకునేవారు. ఒకరు ఆకు కత్తిరిస్తే మరొకరు తంబాకు పోసి చుట్టేవారు. ఎవరి ఇంటి గుట్టు ఏమిటో, ఎవరి బిడ్డకు జ్వరమో, ఎవరి మొగుడు తాగి వచ్చాడో అన్నీ అక్కడే తేలేవి. మహిళా సంఘం పెట్టినప్పుడు అధ్యక్షురాలు ఎవరన్న చర్చే రాలేదు. అందరూ ఆమె వైపే చూశారు. "నాకు సంతకం రాదుగదనే" అని ఆమె అంటే, "నోరు ఉన్నది గదా" అని మహబూబ్‌బీ తేల్చేసింది.

ఆ నోరు సామాన్యమైనది కాదు. ఆమె శాంతమూర్తి అని రాస్తే, పైనుంచి నా నెత్తి మీద మొట్టుతుంది. ఒంటికాలి మీద లేచే మనిషి. ఊరందరి తగవులు తీర్చిన ఈ మహాతల్లి, పప్పులో ఉప్పు విషయమై సొంత కోడలితో రోజుల తరబడి మాటలు మానేసేది. సంఘం సమావేశంలో అధికారి సుదీర్ఘంగా ప్రసంగిస్తుంటే గోడకు ఆనుకుని గురక పెట్టేది. లేపితే "ఇంటున్ననే, కండ్లు మూసుకుని ఇంటున్న" అని దబాయించేది. ఎవరి మీద కోపం వచ్చినా వాళ్ళకు ముందు అన్నం పెట్టి, తర్వాత తిట్టడం ఆమె పద్ధతి. "కడుపు మాడినోనికి తిట్టు ఎక్కదే" అనేది.

నేను కోడలిగా ఆ గల్లీకి వచ్చినప్పుడు పరాయి మనిషి ఎదుట నా గొంతు పెగిలేది కాదు. ఒకసారి మా గల్లీ నల్లా నీళ్ళ గురించి మున్సిపల్ ఆఫీసుకు వెళ్ళాము. అధికారి ముందు లింబవ్వ నన్ను నిలబెట్టి, "సార్, మా కోడలు పిల్ల చెప్తది" అంది. నాకు మాట రాలేదు. ఆయన విసుగ్గా గడియారం చూసుకున్నాడు. లింబవ్వ నింపాదిగా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "జరంత ఆగుండ్రి సార్. వస్తది మాట. గీ పిల్ల పొద్దుగాల కూరగాయలామెతోని బేరమాడితె బజారంత ఇంటది. గా నోరే గిది" అంది. ఆయనకు నవ్వొచ్చింది, నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వు వెనకే మాట కూడా వచ్చింది. తనకు తెలిసిన సంగతి తనే గడగడా చెప్పి పని ముగించగలదు ఆమె. నా కోసం అంతసేపు నేల మీద కూర్చుంది. నాయకత్వమంటే ఏమిటని నన్నెవరైనా అడిగితే నాకు ముందు ఆ దృశ్యమే గుర్తొస్తుంది.

ఇక ఆమె చేసిన పెద్ద పొరపాటు గురించి చెప్పాలి. ఒక పండుగ ఊరేగింపులో డీజే చప్పుడు దగ్గర రెండు గల్లీల కుర్రకారు మాటా మాటా అనుకున్నారు. రాళ్ళు లేచాయి. మహబూబ్‌బీ కొడుకు అజీమ్ తల పగిలింది. నిజామాబాద్ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. రాయి ఎవరు విసిరారో తెలియదు గానీ, విసిరిన గుంపులో లింబవ్వ మనవడు రాజు ఉన్నాడు. మలుపులో పోలీసులు కూర్చున్నారు. ఆడవాళ్ళు ఇకమీదట ఒకే అరుగు మీద కూర్చోవద్దని రెండు వైపులా మగవాళ్ళు తీర్మానించారు. మహబూబ్‌బీ చాట ఎవరో వచ్చి పట్టుకుపోయారు. మర్నాడు అజీమ్ చనిపోయాడని మా గల్లీలో పుకారు పుట్టింది.

విన్న వెంటనే లింబవ్వ లేచింది. మగవాళ్ళు అడ్డం నిలబడ్డారు. "పోతె పానం మీదికొస్తది, అవ్వా" అన్నారు. "సచ్చింది నా ఒళ్ళె ఆడుకున్న పోరడు. జరుగుండ్రి" అని కొంగు బిగించి నడిచింది. నేను వెంట వెళ్ళాను. మా దిక్కు చావింటికి వెళ్ళే ఆడమనిషి గల్లీ మొదటి నుంచే గొంతెత్తి, పోయినవాళ్ళ మంచితనం చెప్పుకుంటూ ఏడుస్తుంది. లింబవ్వ ముస్లిం గల్లీ మొదట్లోనే రాగం అందుకుంది. "ఓ నా కొడుకా అజీమా! నా ఇంట్ల సర్వపిండి అడిగి తిన్న నోరు ఏడవాయె కొడుకా! నాకు జెరమొస్తె సైకిల్ మీద దవఖానకు తోల్కపోతివి గద కొడుకా!" కిటికీలు తెరుచుకున్నాయి. జనం బిత్తరపోయి చూస్తున్నారు. ఆమె ఏడుస్తూ వెళ్ళి ఆ గుమ్మం ముందు కూలబడి గుండెలు బాదుకుంది. తలుపు తెరుచుకుంది. నెత్తికి కట్టు కట్టుకుని, చేతిలో ఛాయ్ కప్పుతో అజీమ్ నిలబడి ఉన్నాడు.

బతికున్నవాడి కోసం శోకం పెట్టడం! అంతకంటే అపశకునం ఉంటుందా? వాడి వెనక నుంచి మహబూబ్‌బీ "నా బచ్చా జిందా ఉన్నడు, ఏం మాటలవి!" అని అరుస్తూ దూసుకొచ్చింది. లింబవ్వ తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. అజీమ్ ఆమెను చూసి, "ఏం అవ్వా, నేను మంచోన్నని సచ్చినంకనే చెప్తవా?" అన్నాడు. అంతే. ముందు వాడు నవ్వాడు, తర్వాత గల్లీ నవ్వింది. లింబవ్వ వాడి చెంపలు రెండూ పట్టుకుని, నవ్వుతూ, ముక్కు చీదుతూ, "నీ దుంప తెగ, నా ఏడుపంత దండుగ చేస్తివి గదరా" అంది. నవ్వనిది మహబూబ్‌బీ ఒక్కతే. ఆమె మెల్లగా లింబవ్వ పక్కన కూర్చుంది. "నిన్నట్నుంచి నాకు ఒకటే ఆలోచన. నా కొడుకు సచ్చిపోతె మీ గల్లీల ఎవరికన్న ఏడుపొస్తదా అని. నీకొచ్చింది" అంది. ఆ మాటకు అక్కడున్న ఆడవాళ్ళందరం ఏడ్చాం.

లింబవ్వ అంతటితో ఊరుకోలేదు. మరునాడు మనవడి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి అదే గుమ్మం ముందు కూర్చోబెట్టింది. "మాఫ్ చెయ్యుమని అడుగుతలేను. వీడు గీడ కూసుంటడు. మీ కడుపు సల్లారేదాక తిట్టుండ్రి" అంది. ముస్లిం గల్లీ ఆడవాళ్ళు వాణ్ణి వంతులవారీగా తిట్టారు. వాడు తల వంచుకుని విన్నాడు. ఎండెక్కాక మహబూబ్‌బీయే అలసిపోయి, "లే, నీళ్ళు తాగు" అంది. ఆ వారంలోనే ఆమె చాట తిరిగి అరుగు మీదికి వచ్చింది. మగవాళ్ళ తీర్మానం ఏమైందో ఎవరూ అడగలేదు.

ఇప్పుడా అరుగు మీద ఆమె లేదు. పెద్దకర్మ ముగిసిన కొద్ది రోజులకే రెండు గల్లీలు కలిసే మూలలో, సరిగ్గా ఆమె ఇంటి ముందు, జెండాల దగ్గర గొడవ మొదలైంది. ఎవరి జెండా ఎత్తుగా ఉండాలన్నదే తగవు. కుర్రాళ్ళు కర్రలు తెచ్చారు. ఆడవాళ్ళు నా తలుపు కొట్టి, "సుజాతక్కా, నడువు" అన్నారు. నేను లింబవ్వను కాను. నాకు ఆమె గొంతు లేదు, ఆమె తెగువ లేదు. "నేనొక్కదాన్నే పోలేను, అందరం పోదాం" అన్నాను. చాటలు అక్కడే వదిలి పద్మ వచ్చింది, మహబూబ్‌బీ వచ్చింది, మా అత్త వయసు వాళ్ళూ వచ్చారు. కర్రల నడుమ వరుసగా కూర్చున్నాం. మొదట నేనే నోరు తెరిచాను. తర్వాత ఒకరి మాట ఆగిపోతే మరొకరు అందుకున్నారు. తిట్టాం, బతిమాలాం, ఒకడి తల్లిని పిలిపించి వాడి ఎదురుగా కూర్చోబెట్టాం. పొద్దు వాలేసరికి కర్రలు గోడకు ఆనాయి. జెండాల మాట ఇంకా తేలలేదు. రేపు మళ్ళీ కూర్చోవాలి.

ఆమె ఉంటే ఒక పూటలో తేల్చి, అందరికీ ఛాయ్ పోసి పంపేది. ఆమె ఒక్కతి మోసిన బరువుకు రెండు గల్లీల ఆడవాళ్ళమూ భుజం పెట్టాల్సి వస్తోంది. ఆ లోటు పూడేది కాదు. పూడిందని మేమెవ్వరమూ అనుకోము.

అవ్వా, చేతులు జోడించి నీకు శనార్తి. మా కాళ్ళు వణికినయ్. అయినా పోయినం.