ఆరో ప్రశ్నకు మొదటి జవాబు

తెలంగాణ వేరు రాష్ట్రమైన మరుసటి ఏడాది, బడులు తెరిచే రోజుల్లో, నన్ను అభ్యర్థుల కార్యదర్శిగా వేశారు. అప్పటిదాకా అదే మిషనెరీ సొసైటీలో గుమాస్తాగా చేరి ఆఫీసు సూపరింటెండెంటు దాకా వచ్చినవాణ్ణి. ఫిల్మ్ నగర్‌లో, జూబ్లీహిల్స్ విశ్వాసి ఒకాయన అద్దె లేకుండా ఇచ్చిన మేడ మీద మా ఆఫీసు. కింది అంతస్తులో సినిమా ప్రొడక్షన్ ఆఫీసు ఉండేది. మెట్ల మీద రెండు రకాల వాళ్లూ ఫైళ్లు పట్టుకుని కూర్చునేవాళ్లు. ఆడిషన్ పైనా, కిందా అని నన్ను అడిగినవాళ్లకు లెక్కలేదు. మొదట్లో ఒళ్లు మండేది. తర్వాత అలవాటైపోయింది.

మిషనెరీ అనగానే ఓడ దిగే దొరే గుర్తొస్తాడు చాలామందికి. ఆ కాలం పోయింది. ఇప్పుడు వెళ్లేది మనవాళ్లే. తెనాలి నర్సు, ఖమ్మం పంతులు, సింగరేణిలో పనిచేసి వచ్చిన ఎలక్ట్రీషియన్. వాళ్లకి మా సొసైటీ శిక్షణ ఇచ్చి, భాష నేర్పి, బస్సు కూడా పోని ఊళ్లకు పంపుతుంది. బడి చెప్పడం, జబ్బు మనుషుల్ని ఆస్పత్రికి తీసుకెళ్లడం, ప్రార్థన పెట్టడం, ఇదీ పని. వెళ్లేవాళ్లను ఎంచే తతంగం నా బాధ్యత. ముందు దరఖాస్తు ఫారం, దానితోపాటు సొంత సంఘం పాస్టరుగారు సీలు చేసి పంపే ఉత్తరం, డాక్టరు సర్టిఫికెట్. ఇవన్నీ సరిగ్గా ఉంటేనే కమిటీ ముందు పిలుపు సాక్ష్యం, అంటే దేవుడు తనను ఎలా పిలిచాడో నిలబడి చెప్పడం. కమిటీ ఒప్పుకుంటే తొమ్మిది నెలల శిక్షణ, ఆ తర్వాత పెద్దలు తల మీద చేతులుంచి ప్రార్థించి పంపే ప్రతిష్ఠ ఆరాధన.

ఫారంలో తొమ్మిది ప్రశ్నలుండేవి. ఎనిమిదింటికి ఎవరైనా రాస్తారు. ఆరో ప్రశ్న దగ్గరే కలం ఆగేది. "మిమ్మల్ని దేవుడు ఈ సేవకు ఎప్పుడు, ఎలా పిలిచాడు?" కొందరికి కన్వెన్షన్ సభలో చెయ్యెత్తిన రోజు, కొందరికి వాక్యం చదువుతుండగా ఒళ్లు గగుర్పొడిచిన క్షణం, ఇంకొందరికి చావు తప్పి కన్ను లొట్టబోయిన ప్రమాదం. వీటితోపాటు మా ఇళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. పసిబిడ్డ చావుబతుకుల్లో ఉంటే తల్లి మొక్కుకుంటుంది, బతికిస్తే నీ సేవకే ఇచ్చేస్తానని. దాన్ని మ్రొక్కుబడి అంటారు. మా నిబంధనల్లో మాత్రం స్పష్టంగా ఉండేది: తల్లి మ్రొక్కుబడి తల్లిది, బిడ్డకు పిలుపు వేరుగా రావాలి. మంచి నిబంధన. ఆ నిబంధనను కాపాడడానికే నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టారు.

ఆ ఏడాదే కరుణ వచ్చింది. ఇరవై నాలుగేళ్ల పిల్ల, ఫిల్మ్ నగర్ బస్తీలోనే పుట్టి పెరిగింది. డబ్బింగ్ ఆర్టిస్టు. తెర మీద పెదవులు కదిపే పరభాషా హీరోయిన్లకు తెలుగు గొంతు ఇచ్చేది ఇలాంటివాళ్లే. సీరియళ్లతో మొదలుపెట్టి, అప్పుడప్పుడే సినిమాల్లో రెండో హీరోయిన్లకు చెబుతోంది. పక్కన వాళ్లమ్మ ఎస్తేరమ్మ. స్టూడియోలో కాస్ట్యూములు ఇస్త్రీ చేసేది, అప్పటికి గుండెజబ్బుతో మానేసింది. రెండంతస్తుల మెట్లు ఎక్కి రొప్పుతూ కూర్చుంది.

ఆమే చెప్పింది కథంతా. ఎనిమిది నెలల పిల్లకు నిమోనియా వచ్చి నీలోఫర్ ఆస్పత్రిలో ఆశ వదులుకోమన్నారట. మ్రొక్కుబడి చేసుకుంది. తెల్లారేసరికి పిల్ల పాలు తాగింది. ఏటా పుట్టినరోజునాడు సంఘంలో లేచి నిలబడి ఆ మాట అందరికీ గుర్తుచేసేది. "నేను ఇచ్చిన మాట తప్పిన అయ్యగారూ. అందుకే నా గుండె గిట్లయింది. బిడ్డను పంపిస్తే నేను నిమ్మళంగ పోత," అంది. కరుణ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

వారం తర్వాత ఫారం నింపి తెచ్చింది. ఎనిమిది జవాబులూ ముత్యాల్లాంటి అక్షరాలతో ఉన్నాయి. ఆరో ప్రశ్న కింద రెండే రెండు వాక్యాలు. "నాకు పిలుపు ఏమీ రాలేదు. మా అమ్మ మాట ఇచ్చింది, ఆమె బతకాలని వెళ్తున్నాను."

ఆ పూట నేను చెయ్యవలసిన పని ఒక్కటే. ఫారం మీద 'అర్హత లేదు' అని రాసి, ఎస్తేరమ్మను పిలిపించి, అమ్మా, నీ మొక్కు దేవుడికి అందింది, పిల్లను వదిలెయ్యి అని చెప్పాలి. చెప్పగలిగినవాణ్ణే. కానీ ఆ ఏడాది అభ్యర్థులు తక్కువ వచ్చారు, నేను కొత్త. పైగా ఆ తల్లి రొప్పు నా చెవుల్లోనే ఉంది. జాలిపడ్డాను. జాలి అనుకున్నాను.

"ఇలా రాస్తే ఇది కమిటీ గడప కూడా తొక్కదమ్మా," అన్నాను. "దేవుడు నీతో ఎప్పుడో మాట్లాడే ఉంటాడు. ప్రార్థన చేసుకుని, గుర్తు తెచ్చుకుని రాయి."

"గుర్తు తెచ్చుకుందామంటే ఏం లేదు సార్. లేనిది ఎట్ల రాయాలె?"

దానికి జవాబుగా బీరువాలోంచి పాత సాక్ష్యాలు రెండు తీసి, చూసుకోమని ఇచ్చాను. కొత్త ఫారం కూడా ఇచ్చాను. ఆమె ఆ రెండూ నిలబడే చదివింది, ఒక్కసారి. "సమజైంది సార్," అని తిరిగి ఇచ్చేసింది. ఆమె మెట్లు దిగాక మొదటి ఫారం నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశాను. ఒక అభ్యర్థికి రెండు ఫారాలు ఉండకూడదని మా ఆఫీసు పద్ధతి. ఆ పద్ధతి పెట్టిందీ నేనే.

కమిటీలో ఏడుగురు. అధ్యక్షుడు రిటైర్డ్ జిల్లా జడ్జిగారు, మాట కరుకు, మనసు వెన్న. సాక్ష్యం అయ్యాక కనీసం మూడు ప్రశ్నలు అడిగి తీరాలని రూలు. అయితే మావాళ్లకొక జబ్బు ఉంది, బయటివాళ్లకు వింతగా ఉంటుంది: సాక్ష్యం వింటూ కంటతడి పెట్టామంటే ఇక ప్రశ్నలు వెయ్యం. కన్నీళ్లు వచ్చాక ప్రశ్నలేమిటి, ఆత్మ సాక్ష్యమిచ్చిందిగా అనుకుంటాం. ఎవరో ఒకరు పాట ఎత్తుకుంటారు, అంతటితో సరి.

కరుణ పది నిమిషాలు మాట్లాడింది. ఆస్పత్రి వరండా, స్టూడియోలో మైకు ముందు ఒంటరిగా ఉన్నప్పుడు వినిపించిన పిలుపు, మోకాళ్లూని ఏడ్చిన సాయంత్రం. గొంతు ఎక్కడ తగ్గాలో అక్కడ తగ్గింది. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. నాతో ఎప్పుడు మాట్లాడినా 'ఎట్ల, గిట్ల' అనే పిల్ల ఆ పది నిమిషాలూ సినిమాల్లో వినే కోస్తా తెలుగు మాట్లాడింది, ఒక్క మాట తొణక్కుండా. నాకు తెలిసింది. అయ్యో, తెలియకేం! తెలిసీ అందరితోపాటు కళ్లు తుడుచుకున్నాను. జడ్జిగారే పాట ఎత్తుకున్నారు.

మెట్ల దగ్గర అభినందించాను. బాగా చెప్పావమ్మా అన్నాను. "ఒకటే టేక్ సార్," అంది. చనువుగా అన్న మాట అనుకుని నవ్వాను. ఆమె నవ్వలేదు.

శిక్షణ పూర్తయ్యాక ఒడిశా సరిహద్దు కొండల్లో ఒక ఊరికి వేశాం. ప్రతిష్ఠ ఆరాధనలో ఎస్తేరమ్మ ముందు వరుసలో కూర్చుని ఎండిన కళ్లతో చూసింది. ఆ తర్వాత మందులతోనో, మాట నిలబెట్టుకున్న తృప్తితోనో, దాదాపు నాలుగేళ్లు బతికింది.

మూడు నెలలకోసారి అక్కడి పర్యవేక్షకుడి నివేదిక నా బల్ల మీదికి వచ్చేది. ప్రతిసారీ ఒకే ధోరణి. బడి బాగా నడుస్తోంది, పిల్లలు ఈమెను వదలరు. జ్వరం వచ్చినవాళ్లను డోలీ కట్టించి తానూ నడిచి రోడ్డు దాకా తెస్తుంది. కానీ ప్రార్థన కూడికల్లో సాక్ష్యం చెప్పమంటే చెప్పదు, ఎంత బతిమాలినా లేవదు. చివరి వాక్యం దగ్గర నా చూపు ఆగేది. 'చూశాను' అని సంతకం పెట్టి ఫైల్లో పెట్టేవాణ్ణి.

కరోనాకు ముందు ఏడాది ఎస్తేరమ్మ పోయింది. కబురు అంది, కొండ దిగి, రెండు బస్సులు, ఒక రైలు మారి కరుణ వచ్చేసరికి సమాధి మీద పూలు వాడిపోయాయి. పోయినవాళ్ల ఇంట్లో పెట్టే ఆదరణ కూడిక అయిన మర్నాడు ఆఫీసుకు వచ్చింది. నల్లబడింది, బాగా చిక్కిపోయింది. రాజీనామా ఇస్తుందనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఇస్తే బాగుండుననుకున్నాను.

ఆమె కొత్త ఫారం తెచ్చింది. నాలుగేళ్లకోసారి సేవ పొడిగించుకోవాలి, అందులోనూ ఆరో ప్రశ్న ఉంటుంది. కింద ఇలా రాసింది: "నాకు పిలుపు అప్పుడూ రాలేదు, ఇప్పుడూ రాలేదు. అమ్మ కోసం పోయిన. అమ్మ లేదు. గాడ పన్నెండు మంది పిల్లలు సగం చదువుల ఉన్నరు. నన్ను పంపండి."

"ఇది వద్దమ్మా," అన్నాను, అలవాటుగా.

"లేదు సార్. ఇగ అబద్ధం నాతోటి కాదు. పోయే ముందు ఫోన్ల అమ్మ అడిగింది, నిన్ను దేవుడే పిలిచిండు కదా బిడ్డా అని. మైకు ముందట చెప్పినట్టు అవునమ్మా అని చెప్పిన. గదే ఆఖరు." ఆ తర్వాత అడిగింది. "నేను మొదలు రాసిచ్చిన ఫారం ఉన్నదా సార్? దీనితోటి జోడిద్దాం. నేను మొదటి సంది మోసం చెయ్యలేదని వాళ్లకు తెలుస్తది."

చింపేశానని చెప్పాను.

ఆమె కోపగించుకోలేదు. "పోనీ సార్, మీరున్నరు కదా. మీరు చెప్తరు కదా," అంది.

చెప్తాను అన్నాను. అప్పుడు నిజంగానే చెబుదామనుకున్నాను.

కమిటీలో అవే ముఖాలు. జడ్జిగారు ఫారం చదివి కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. అయితే నాలుగేళ్ల కిందట మా అందరినీ ఏడిపించి చెప్పిందంతా కల్పనేనా అని అడిగారు. కరుణ అవునంది. మొదట నిజమే రాసి ఇచ్చానని, సార్‌కు తెలుసని అంది. ఏడుగురూ నా వైపు తిరిగారు.

"ఏమండీ, అలాంటి ఫారం ఏదైనా ఉందా?" అన్నారు జడ్జిగారు.

నాకు అప్పటికి పదవీ విరమణ ఏడు నెలల్లో ఉంది. నిబంధనల మనిషి అని నాకు పేరు. ఇంటర్వ్యూకి వచ్చిన ప్రతి పిల్లవాడికీ సత్యం మీద ఉపన్యాసం ఇచ్చి పంపినవాణ్ణి. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని. కాగితాలు అటూ ఇటూ తిప్పాను, చూస్తున్నట్టు.

"ఫైల్లో లేదండీ," అన్నాను.

అక్షరం అక్షరం నిజమే. ఫైల్లో లేదు.

ఆ రోజు ఎవరి కళ్లూ చెమర్చలేదు గనక ప్రశ్నలు బాగానే వేశారు. దేవుని పేరు మీద అబద్ధ సాక్ష్యం చెప్పిన మనిషిని తిరిగి పంపలేమని, పిలుపు లేనివాళ్లను అసలే పంపకూడదని తీర్మానం రాశారు. రాసింది నేనే, మినిట్స్ రాయడం కార్యదర్శి పని. పిల్లల సంగతి ఏమిటని కరుణ ఒక్కసారి అడిగింది. ఇంకొకరిని చూస్తామన్నారు.

మెట్ల దగ్గర నాకోసం ఆగింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా పడేవాణ్ణి.

"మీరు కూడ ఒకటే టేక్‌ల చెప్పేసిన్రు సార్," అంది. వందనాలు చెప్పి దిగిపోయింది. కింద ఆడిషన్‌కు వచ్చిన ఆడపిల్లలు పక్కకు జరిగి ఆమెకు దారి ఇచ్చారు.

ఆ తర్వాత ఆమె మళ్లీ డబ్బింగ్‌లో చేరిందని విన్నాను. మధ్యాహ్నం మా ఆవిడ పెట్టే సీరియళ్లలో ఒక్కోసారి ఆ గొంతు గుర్తుపడతాను. ఏడుపు సీన్లయితే లేచి బయటికి వెళ్లిపోతాను.

నా తర్వాత ఆ కుర్చీలోకి వచ్చినావిడకు రెండు నియమాలు రాసి ఇచ్చాను. అభ్యర్థి మొదట ఇచ్చిన ఫారాన్ని ఎలా ఉన్నా సరే ఫైల్లోనే ఉంచాలి, తిరిగి రాయించకూడదు. కన్నీళ్లు వచ్చినా మూడు ప్రశ్నలూ అడగాలి. ఎందుకీ నియమాలని ఆవిడ అడిగింది. అనుభవం అన్నాను. అదీ అబద్ధం కాదు. అసలు నేర్చుకున్నది మూడోది, అప్పుడు రాసివ్వడానికి చెయ్యి రాలేదు: కార్యదర్శి తప్పు చేస్తే ఆ సంగతి కమిటీకి కార్యదర్శే చెప్పాలి, అడిగినప్పుడు కాదు, అడగకముందే.

నేను పదవి దిగిపోయేదాకా ఆ ఊరికి ఎవరినీ వెయ్యలేకపోయాం. ఆ ఏడు నెలల్లో పదకొండు దరఖాస్తులు వచ్చాయి. పదకొండుమందీ ఆరో ప్రశ్న కింద పేజీ నిండా రాశారు. ఆ కొండల పేరు చెప్పి అక్కడికి వెళతారా అంటే ఒక్కరూ ఒప్పుకోలేదు.