నాన్న ఆఖరి బండి, నా మొండి కంప్యూటర్

మా నాన్న ఆఖరి బండి నడపలేదు. టాటానగర్‌లో గూడ్సు డ్రైవర్లకు ఒక ఆనవాయితీ ఉంది. రిటైరయ్యే రోజు డ్రైవరు తన చివరి బండిని తెచ్చి స్టేషన్లో ఆపుతాడు. తోటివాళ్లు ఇంజిన్‌కి బంతిపూల దండ వేసి, డప్పులు కొట్టి, ఆయన్ని దింపుకుంటారు. ఆ రోజు కోసం అమ్మ చీర కూడా తీసి పెట్టుకుంది. దానికి పది నెలల ముందే కంటి పరీక్షలో నాన్న తప్పాడు. గ్లకోమా అన్నారు. బండి నుంచి దింపేసి ఆఫీసులో రిజిస్టర్ల ముందు కూర్చోబెట్టారు. ఆయన తలొంచుకుని అక్కడే రిటైరయ్యాడు. నాకే ఒళ్లు మండింది.

ఆయన చూపు అంచుల నుంచి లోపలికి మూసుకొస్తోంది. ఇంకొన్ని నెలల మాట అని డాక్టరు నాతో విడిగా చెప్పాడు. ఈలోగా నాన్న చేత ఒక్క బండి స్టేషన్‌కి తెప్పించాలని నాకు పంతం పట్టుకుంది. కంప్యూటర్లో రైలు నడిపే సిమ్యులేటర్ ఒకటుంది. ఎవరో పుణ్యాత్ముడు మా వైపు లైను మొత్తం తయారుచేసి పెట్టాడు. రాజ్‌ఖర్సావాఁ, సీనీ, గమ్హారియా, ఆదిత్యపూర్, టాటానగర్. నాన్న ముప్పై ఏళ్లు ఇనుప రాయి మోసుకొచ్చిన దారి.

చిన్న తెర మీద సిగ్నళ్లు ఆయనకు ఆనలేదు. అందుకని గోడంత టీవీ, దాన్ని లాగడానికి పెద్ద గ్రాఫిక్స్ కార్డు కొన్నాను. ప్రాసెసర్‌ని మాత్రం మార్చలేదు. కంపెనీ చెప్పిన స్పీడు కన్నా ఎక్కువ స్పీడులో, తక్కువ వోల్టేజిలో రెండేళ్లుగా నడుపుతున్నాను. అది నా గొప్ప. ఉన్న సరుకులోంచే ఇంకొంచెం పిండుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ సరదా.

రైల్వే యార్డు పక్కన, బాగ్‌బేరాలో మా ముందుగదికి మధ్యాహ్నాలు కర్టెన్లు వేసేవాళ్లం, ఆయనకు తెర బాగా కనిపించాలని. ఆకుపచ్చ వెలుతురు ఆయన ముఖం మీద మెల్లగా కదిలేది. పట్టాల పక్కన సాలచెట్లు, ఎర్రమట్టి, ఎండ. బయట యార్డులో వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకునే చప్పుడు, స్పీకర్లో వ్యాగన్ల చప్పుడు కలిసిపోయేవి. ఏది గదిలోది, ఏది బయటిదో తెలిసేది కాదు. వంటింట్లోంచి వచ్చిన అమ్మ కూడా కాసేపు గుమ్మంలో నిలబడిపోయేది. ఆ గది మొత్తం ఎక్కడికో బయల్దేరినట్టే ఉండేది.

అంతలో తెర బిగుసుకుపోయేది. చెట్లు, ఎండ, రైలు, అన్నీ ఆగిపోయేవి. స్పీకర్లో ఒకటే కూత సాగేది. తర్వాత చీకటి.

ఇల్లు పీకి పందిరేశాను. మెమరీ కడ్డీలు ఒక్కొక్కటే తీసి చూశాను. కరెంటు డబ్బా మార్చాను. ఫ్యాన్లు విప్పి దుమ్ము ఊదాను. విశ్వకర్మ పూజకి అమ్మ క్యాబినెట్‌కి బొట్టుపెట్టి, గాలి లోపలికి పోయే చోటే దండ వేసింది. అందుకు ఆవిడ మీద అరిచాను. "యంత్రానికి పూజ సెయ్యకపోతే ఎలాగే, అందుకే మొరాయిస్తంది" అని ఆవిడ దండ తీసి తలుపుకి కట్టింది. దండ తీసినా ఆగింది. కంప్యూటర్‌ని పూర్తి బరువులో, అంటే చేయగలిగినంత పని నెత్తిన పెట్టి, ఆరేసి గంటలు ఉడికించే పరీక్ష పెట్టాను. ప్రతిసారీ గట్టెక్కింది. నాన్న కూర్చుంటే మాత్రం అరగంటలో పోయేది.

చివరికి నోరు జారాను.

"మీరే ఏదో తప్పు బటన్ నొక్కుతున్నారు నాన్నా."

"ఆడలేక మద్దెల ఓడన్నాదంట" అన్నాడు నాన్న నవ్వుతూ.

"ఛోడో, మై దేఖ్ లూంగీ" అని కసిరాను. వదిలెయ్, నేను చూసుకుంటానని. కోపం వస్తే నాకు హిందీయే వస్తుంది.

నాన్న దిండు కింద నుంచి నోటుబుక్కు తీశాడు. ఇంజిన్ ఫెయిలైతే టైమూ, చోటూ, అప్పుడు తన చెయ్యి దేని మీద ఉందో రాసుకోవడం ఆయన ఉద్యోగపు అలవాటు. నా కంప్యూటర్ ఆగిన ప్రతిసారీ రాసిపెట్టాడు. పెద్ద పెద్ద అక్షరాలు, గీత దాటి పక్కకి పోయాయి. పదకొండు సార్లు. చోట్లు వేరు. చివరి గడిలో మాత్రం అన్నిటికీ ఒకటే మాట: పవర్ తీసేశాక.

"మిట్టెక్కీ ఎక్కుడులో ఒక్కసారీ ఆగనేదు, సూడు" అన్నాడు. "లోడు లాగినంతసేపూ బాగానే ఉంటది. హ్యాండిల్ సున్నాకి తెచ్చీసినాక ఆగిపోతంది. మా బండీ అంతేనే అమ్మీ. ఎక్కినప్పుడు వ్యాగన్ల మద్దిన కప్లింగ్ తెగదు. పవర్ తీసీసినప్పుడు ఎనకాల బరువంతా వొచ్చి జెర్క్ ఇత్తాది, అప్పుడు తెగతాది. నువ్వేటి, లాగినప్పుడే సూత్తన్నావు."

సిగ్గేసింది. నిజమే, నా పరీక్షలన్నీ ఎక్కుడులోనే. పూర్తి బరువులో ప్రాసెసర్‌కి నిండుగా కరెంటు అందుతోంది. హ్యాండిల్ సున్నాకి రాగానే సిమ్యులేటర్లో ఇంజిన్ లెక్కలు ఆగి, బరువు ఒక్కసారిగా దిగిపోయినప్పుడు మాత్రం, నేను గొప్ప కోసం కోసిపెట్టిన వోల్టేజి దాని స్పీడుకి చాలడం లేదు. పాత గ్రాఫిక్స్ కార్డు నెమ్మదిది కాబట్టి అంత ఎత్తుపల్లాలు రాలేదు, రెండేళ్లు నా తప్పు దాగింది. ఆరు గంటలు ఉడికించడం మానేసి, బరువు పెట్టి తీసి, పెట్టి తీసి చూశాను. నాలుగో నిమిషంలో ఆగిపోయింది. అంత సంతోషంగా ఏ యంత్రమూ నా ముందు చావలేదు.

స్పీడు తగ్గించి, కోసిన వోల్టేజి తిరిగిచ్చాను. రెండు రోజులు పెట్టి తీసి చూశాను. ఆగలేదు.

మూడో రోజు నాన్న స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. అమ్మ ఆ చీర కట్టుకుంది. నేను పక్కన అసిస్టెంటుని. ఇంజిన్లో ఇద్దరూ ప్రతి సిగ్నలూ పైకి చెప్పుకోవాలి. ఆయన "గ్రీన్" అంటే నేను "గ్రీన్" అనాలి. సీనీ దాటింది. పవర్ తీశాడు. చెట్లు కదులుతూనే ఉన్నాయి. గమ్హారియా దాటింది, ఆదిత్యపూర్ దాటింది, నది వంతెన మోగింది. నాన్న ముఖం పాతికేళ్లు వెనక్కి పోయింది.

టాటానగర్ ముందు, బండిని స్టేషన్లోకి రానిచ్చే హోమ్ సిగ్నల్. నాన్న రంగు చెప్పలేదు. నేను ఆగాను. ఆయన ముందుకు వంగి, తల అటు తిప్పి, ఇటు తిప్పి వెతుకుతున్నాడు.

"గ్రీన్, నాన్నా" అన్నాను.

"నాకు అవుపడనేదు."

"ఉంది. గ్రీనే. వెళ్లండి."

"ఇద్దరికీ అవుపడాల. ఒక్కలికే అవుపడితే అది ఎర్రే" అని బ్రేకు వేశాడు. బండి సాఫీగా, ఒక్క కుదుపు లేకుండా ఆకుపచ్చ సిగ్నల్ ముందు ఆగింది. దూరంగా ప్లాట్‌ఫారం ఎండలో మెరుస్తోంది. ఆ క్షణాన కంప్యూటర్ బిగుసుకుపోతే బాగుండునని, తప్పు దాని మీదకి పోతే బాగుండునని ఎంత కోరుకున్నానో. అది నిక్షేపంగా నడుస్తోంది.

నాన్న లేచాడు. "రా, కూకో. బండి నువ్వు తెచ్చీ."

నాకు ఏడుపొచ్చింది, అయినా కూర్చున్నాను. ఆయన నా వెనక నిలబడి కుర్చీ పట్టుకున్నాడు. ముప్పై ఏళ్లు ఇంకొకడి కళ్లతో ఒక్క సిగ్నలూ దాటని మనిషి మెల్లగా అడిగాడు.

"ఇప్పుడు ఏ రంగే?"

"గ్రీన్, నాన్నా."

"గ్రీన్" అన్నాడు నాన్న.