తంగేడు నీళ్ళలో నానిన చేతులు

మొన్న తెనాలిలో ఒక కొట్టులో తంగేడు బెరడు పొడి పొట్లాలు కనిపించి, "ఇది దేనికమ్మా?" అని అడిగాను. "షుగరుకండి తాతగారూ. మీకు తెలీదులెండి" అంది ఆ అమ్మాయి. తంగేడు గురించి నాకు తెలియదట. ఆ వగరు వాసన ముక్కుకు తగిలేసరికి ఒళ్ళు మండింది.

పల్నాటి సున్నపురాతి నేలల్లో నడుమెత్తు పెరిగే ఆ పొద బెరడు మా సూర్యలంకకు బస్తాల్లో వచ్చేది. నూలు వలలు ఉప్పునీటికి కుళ్ళకుండా గట్టిపడాలని నాయన దాన్ని ఉడికించి, ఆ ఎర్రటి నీళ్ళలో వాటిని నానబెట్టేవాడు.

నాకేమో పడవెక్కాలని ఆశ. "చేతులు గట్టిపడాలిరా, తాడు కోసేస్తది" అనేవాడు నాయన. ఒక మధ్యాహ్నం బడి ఎగ్గొట్టి, చల్లారిన తంగేడు నీళ్ళలో చేతులు మోచేతుల దాకా ముంచుకుని కూర్చున్నాను. సాయంత్రం ఎర్రబడ్డ చేతులు చూపిస్తే నాయన నవ్వలేదు. "రేపు పడవ మీదికి రా" అన్నాడు.

మర్నాడు తాడు లాగేసరికి అరచేతులు చీరుకుపోయాయి. తంగేడు పని చెయ్యలేదని ఏడ్చాను.

"వల మూడు రోజులు నానుద్దిరా. నువ్వు నానింది ఒక్క పూటేగా" అన్నాడు.

చేతుల రంగు చూసే తీసుకెళ్ళాడని చాలా ఏళ్ళు నమ్మాను. అంతకు ముందు రోజే చిన్నాన్న పడవ పని మానేశాడని, తాడు లాగే మనిషి లేడని పెద్దయ్యాక తెలిసింది. ఆ తర్వాత నేను బడి మొహం చూడలేదు. అక్షరాలు నా అంతట నేనే కూడబలుక్కున్నాను. నాయన మీద ఆ కోపం ఇప్పటికీ పోలేదు. ఆ రోజు ఒడ్డుకొచ్చాక నా అరచేతులకు నూనె రాస్తూ ఆయన ఒక్కసారి కూడా తల ఎత్తలేదన్నదీ మరిచిపోలేదు.