తుమ్మ బంకలో పోసిన నీళ్లు

ఇది నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు చెప్పలేదు. దేవుడి ముందు నిలబడినప్పుడు కూడా దీన్ని పక్కన పెట్టి మిగతావే చెప్పుకున్నాను, ఆయనకేదో తెలియదన్నట్టు. ఇది జరిగి యాభై ఏళ్లకు దగ్గర పడుతోంది. ఒళ్లు తగ్గింది, చూపు తగ్గింది, ఇది మాత్రం తగ్గలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. నా ఇంటి గోడకు వేయించిన సున్నం ఖర్చు ఇంకో మనిషి భరించాడు. భరించేలా చేసింది నేను.

సిద్దిపేట బజారులో, మా ఇంటి ముందు గదిలోనే, మాకు నూలు దుకాణం ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం రోజులు. నూలు దొరక్క సాలెవాళ్లు పొద్దున్నే వచ్చి మా అరుగు మీద కూర్చునేవారు, నేను చెప్పిన ధరకు కొనుక్కుని పోయేవారు. నాకు ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. చేతిలో డబ్బు ఆడుతోంది. ఎదురుమాట విని ఎన్నాళ్లయిందో కూడా గుర్తు లేదు. అలాంటివాడు ఎంత చెడిపోతాడో మీరు ఊహించుకోగలరు. నేను ఊహించుకోలేదు, అంతే తేడా.

ఆ ఏడు ఇంటికి వీధి వైపు సున్నం వేయించాలనుకున్నాను. రెండంతస్తుల ఇల్లు. పైన పిట్టగోడ, కింద బారుగా అరుగులు. మొత్తం తెల్లగా వేసి, అంచులకు నీలం, అడుగున ఎర్ర జాజు పట్టీ. ఎవరిని అడిగినా ఒకటే పేరు చెప్పారు, సామేలు. ఊరి చివర వాడలో ఉండేవాడు. కిరస్తానం పుచ్చుకున్న కుటుంబం. అప్పటికే అరవైకి దగ్గర. ఆయన వేసిన గోడ మూడు వానాకాలాలు చూసినా చెక్కు చెదరదనేవారు. ఇప్పుడు 'ఆయన' అని రాస్తున్నాను. అప్పుడు 'వాడు' అనేవాణ్ణి, ఎదురుగా పిలిస్తే 'సామిగా'.

వచ్చాడు. వీధిలో నిలబడి గోడను ఆ చివరి నుంచి ఈ చివరికి చూశాడు. నలభై హాలీ రూపాయలు, అంటే నిజాం సర్కారు రూపాయలు, అన్నాడు. నేను ఇరవై ఐదన్నాను. అరుగు మీద సాలెవాళ్లు కూర్చుని వింటున్నారు.

"ఇరవై ఐదుకు ఏసెటోళ్లున్నరు సేటూ, పిలిపిచ్చుకోండ్రి" అన్నాడు. పొగరుగా అనలేదు. ఉన్నమాట చెప్పినట్టే చెప్పాడు. "నా పనికి బేరం లేదు. అంత అయినంక నా గొంగడి పెట్టి రుద్దుత. తెల్లగ అంటిందా, ఒక్క పైస ఇయ్యకుండ్రి."

అది ఆయన పెట్టుకున్న పద్ధతి. చివరి పూత వేశాక రెండు రోజులు ఆరనిచ్చి, నలుగురు పెద్దమనుషుల ముందు తన భుజం మీది నల్ల గొంగడి తీసి గోడకు రుద్దేవాడు. గొంగడి నల్లగానే ఉంటే కూలి. తెల్లబడితే ఏమీ లేదు. ఎన్నో ఇళ్ల ముందు రుద్దాడట, ఒక్కసారీ తెల్లబడలేదట. సాలెవాళ్లలో ఒకడు మెచ్చుకోలుగా తల ఊపాడు. ఆ తల ఊపడం నాకు నచ్చలేదు. నా అరుగు మీద కూర్చుని, నా దగ్గర నూలు కొనేవాడు, నేను చెప్పిన ధర కాదన్నవాణ్ణి చూసి తల ఊపుతాడా? నలభైకి సరే అన్నాను. అన్న ఆ నిమిషంలోనే ఆ నలభై ఇవ్వకూడదని అనుకున్నాను.

ఇరవై ఐదుకు వేరేవాణ్ణి పెట్టుకోవచ్చు కదా అని మీరంటారు. పెట్టుకోవచ్చు. నాకు ఆయన పనీ కావాలి, ఆయన మెడ వంగడమూ కావాలి. రెండూ కుదరకపోతే ఏది వదులుకుంటానో మీరే చూస్తారు.

సున్నం నిలిచేది బంక వల్ల. మొదటి రెండు పూతలూ ఉత్త సున్నం. మూడో పూతలో తుమ్మ బంక కలుపుతారు, అది పడితేనే సున్నం గోడను పట్టుకుంటుంది. ఆ బంక ఇచ్చేది ఇంటివాళ్లు. ముందురోజే తమ ఇంటి కుండలో నానేస్తారు. ఆ కుండను సామేలు ముట్టుకోరాదు. అందుకని ఇంటివాడే కుండ పట్టుకుని, పైనుంచి ఆయన బొక్కెనలోకి, సున్నంలోకి నేరుగా పోస్తాడు. ఉత్త బంక ఎంత చిక్కగా ఉందో వేళ్ల మధ్య పట్టి చూసుకునే వీలు ఆయనకు లేదు. జీవితమంతా అలాగే చేశాడు. ఎందుకు అనుమానిస్తాడు? తన గోడ తానే చెడగొట్టుకునేవాడు ఉంటాడని ఎవరు మాత్రం అనుకుంటారు?

ఉంటాడు. ఎదుటివాడికి అపశకునం కావాలని ముక్కు కోసుకునే రకం ఉంటాడు.

మూడో పూత రోజు తెల్లవారుతూనే లేచాను. నా భార్య ఇంకా లేవలేదు. కుండలో నానిన బంక ముప్పావు వంతు తీసి వెనకాల పెంటకుప్పలో పోశాను. మిగిలినదాంట్లో నీళ్లు పోసి కలిపాను. గమనించండి, ఆ బంక నేను దాచుకోలేదు, అమ్ముకోలేదు. ఇన్నేళ్లూ నన్ను నేను పిసినారినని తిట్టుకుంటూ వచ్చాను, ఎందుకంటే పిసినారితనం చిన్న పాపం, దాని చాటున కూర్చోవచ్చు. నిజంగా పిసినారినే అయితే పెంటకుప్పలో ఎందుకు పోస్తాను?

తర్వాత బయటికి వచ్చి, కుండ ఎత్తి పట్టుకుని, ఆయన బొక్కెనలో పోశాను.

ఆయన వెదురు సారవ ఎక్కి పొద్దంతా వేశాడు. మధ్యాహ్నం దాటాక ఒకసారి ఆగాడు. కుంచె వైపు చూశాడు. మళ్లీ గోడ మీద ఒక లాగు లాగి, మళ్లీ ఆగి, కుడి మోచేయి మెల్లగా రుద్దుకున్నాడు. కుంచె తేలిగ్గా పోతోందని ఆయన చేతికి తెలిసింది. తెలిసి, లోపం చేతిదే అనుకున్నాడు. కింద అరుగు మీద కూర్చుని నేనది చూశాను. చూడటమే కాదు, అందులోంచి నాకు ఒక మాట దొరికింది. దాన్ని రెండు రోజులు నోట్లో పెట్టుకుని చప్పరించాను.

మూడోనాడు పెద్దమనుషులు నలుగురు వచ్చారు. చూసిపోదామని ఇంకో ఇరవై మంది చేరారు. గోడ మెరిసిపోతోంది, చూసేవాళ్ల కళ్లు చెదిరేలా. సామేలు గొంగడి తీసి, మడత పెట్టి, గుండె ఎత్తున ఒక్క లాగు లాగాడు. తిప్పి చూశాడు.

తెల్లగా ఉంది.

పక్కన ఇంకోచోట రుద్దాడు. తలుపు దగ్గర రుద్దాడు. ఆ చివరికి పోయి అక్కడ రుద్దాడు. గొంగడి పిండిలో పొర్లించినట్టయింది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన వెనక్కి తిరిగి నా వైపు చూసినప్పుడు నేను దాచుకున్న మాట అన్నాను.

"ఏంది సామిగా! ముసలి చెయ్యికి నలభై రూపాయలా?"

అందరూ నవ్వారు. తల ఊపిన ఆ సాలెవాడు కూడా నవ్వాడు. సామేలు తన అరచేతులు చూసుకున్నాడు. ముందు కుడిది, తర్వాత ఎడమది.

"సేటూ, ఆఖరి పూత ఇంకోపాలి ఏస్త" అన్నాడు. "పైసలద్దు. బంక నేనే తెచ్చుకుంట. ఒక్కపాలి చూడుండ్రి."

సొంత బంకతో వేస్తే గోడ నిలుస్తుంది. నిలిస్తే నా కుండ సంగతి బయటపడుతుంది.

"నీ ఇంట్ల నానిన బంక మా ఇంటి గోడకా?" అన్నాను.

ఆ గోడలో ఆయన చెయ్యి తగలని జాగా జానెడు లేదు. మరి బంకకేం మైల? ఎవరూ అడగలేదు. పెద్దమనుషులు సబబే అన్నట్టు గొంతులు సవరించుకున్నారు. అప్పుడు నేను ఐదు రూపాయలు తీసి ఆయన ముందు నేల మీద వేశాను, కూలి కాదు, ధర్మం అన్నాను. నాది దొడ్డ మనసని నలుగురూ మెచ్చుకున్నారు. ఆయన ఆ డబ్బు ముట్టలేదు. "మాటంటె మాటే సేటూ" అని, గొంగడి దులపకుండానే భుజాన వేసుకుని పోయాడు. బజారు పొడవునా ఆ తెల్లటి గొంగడితోనే నడిచిపోయాడు.

ఇక్కడితో ఆగి ఉంటే, ఒక మనిషి కష్టం దోచుకున్నానని చెప్పుకుని ఊరుకునేవాణ్ణి. ఆగలేదు. పక్క ఊరు చింతమడకలో ఆయన అప్పటికే ఒప్పుకున్న ఇల్లు ఒకటుంది. తనంతట తానే పోయి, నా చెయ్యి పడిపోయింది, ఇంకెవరినైనా చూసుకోండని చెప్పి వచ్చాడట. కుంచెలు అల్లుడికి ఇచ్చేశాడు. సున్నపు బట్టీలో రాళ్లు మోసే పనికి కుదిరాడు. ఆ వయసులో, తల మీద గంప పెట్టుకుని. దుకాణానికి వచ్చినవాళ్లు ఈ కబుర్లు చెబుతుంటే నేను నూలు తూకం వేస్తూ వినేవాణ్ణి. జాలి పడ్డానా? నిజం రాయాలని కూర్చున్నాను కాబట్టి రాస్తున్నాను. మొదట సంతోషించాను.

వానలు పడ్డాయి. నా గోడ చారలు చారలుగా కారింది. వాన వెలిసిన ఒక ఉదయం సామేలు వీధికి అటువైపు నిలబడి దాన్ని చూస్తున్నాడు. ఆ తర్వాత కూడా వచ్చాడు. బట్టీకి పోయే దారి మా వీధిది కాదు, ఆయన చుట్టు తిరిగి వచ్చేవాడు. తలుపు సందులోంచి నేను చూస్తూ ఉండేవాణ్ణి. ఆ రోజుల్లో మొదలైంది నాకు ఈ బరువు. అప్పుడైనా చెప్పవచ్చు. రోజూ చెప్పవచ్చు. ఈ రోజు కాదు, పండుగ దాటనీ, ఈ సరుకు అమ్ముడుపోనీ అనుకుంటూ మూడేళ్లు గడిపాను.

మూడేళ్లకు గోడ మళ్లీ వేయించక తప్పలేదు. సామేలు అల్లుణ్ణి పిలిపించాను. యాభై అడిగాడు, బేరం చేయలేదు. బంక రెండింతలు నానబెట్టించాను. ఎవరి కోసం అంత బంక? అల్లుడి కోసమా, గోడ కోసమా? నా చేతులు ఏదో కడుక్కుంటున్నాయనుకున్నాను. పని పూర్తయింది, అల్లుడు రుద్దాడు, గొంగడి నల్లగానే ఉంది. అందరూ వెళ్లిపోయాక చూస్తే సామేలు అరుగు కింద నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు. నడినెత్తిన వెంట్రుకలు లేవు, గంప మోసిన చోట. అరచేయి గోడ మీద పెట్టి మెల్లగా రాశాడు, చేతిని చూసుకున్నాడు.

"సేటూ, ఒక్క మాట అడుగుత. మూడేండ్ల సంది అడుగుదామనే ఉన్న."

తెలిసిపోయిందనుకున్నాను. వీధిలో ఎవరూ లేరు, మేమిద్దరమే.

"గప్పుడు సున్నంల ఏం లోపం లేకుండె. బంకల ఏం లేకుండె. నా చెయ్యే తప్పింది గద? రాత్రి పండుకుంటె గదే సోంచాయిస్త. యాడ తప్పిందో దొరుకుత లేదు. మీరు కూసోని చూసిండ్రు గద. మీరు చెప్పుండ్రి."

ఆయన నన్ను అనుమానించలేదు. సాక్షిగా అడుగుతున్నాడు. ఆ గోడను పొద్దంతా చూసింది నేనొక్కణ్ణే కాబట్టి అడుగుతున్నాడు. ఒక్క మాట చాలు. ఇంతకన్నా సులువైన అదను మనిషికి దొరకదు. వినేవాడు లేడు, పరువు పోయేది లేదు.

"నీ చెయ్యే సామేలూ" అన్నాను.

మొదటిసారి పూర్తి పేరు పెట్టి పిలిచాను. ఎంత మెత్తగా అన్నానంటే, ఆ మెత్తదనం ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఆయన గుండెల నిండా గాలి పీల్చి వదిలాడు.

"మంచిగ చెప్పిండ్రు సేటూ. మీరు గానాడు జెప్పకుంటె ఇంకెందరి గోడలు ఖరాబు చేస్తుంటినో."

అని నాకు దండం పెట్టాడు. రెండు చేతులూ జోడించి, తల వంచి. నాకు కావాల్సిన ఆ మెడ, చివరికి అలా వంగింది. నేను ఆ దండం తీసుకున్నాను.

ఆ ఎండాకాలమే ఆయన పోయాడు. వడదెబ్బన్నారు. మట్టి చేయడానికి బజారులో చాలామంది వెళ్లారు. నేను దుకాణం తెరిచి కూర్చున్నాను. అల్లుడు తర్వాత చాలా ఏళ్లు మా ఇంటికి సున్నం వేశాడు, మామ చేతి గురించి ఎప్పుడూ ఎత్తలేదు. ఆ అల్లుడూ ఇప్పుడు లేడు. ఇక నన్ను క్షమించగలవాళ్లెవరూ మిగలలేదు. మీరు క్షమించినా చెల్లదు, మీ చేతులకు నేనేమీ చేయలేదు. ఇది చదివి నన్ను తిట్టుకోండి, అది మాత్రం చెల్లుతుంది.

అయినా రాస్తుంటే ఒక్కటి జరిగింది. కుండలో నీళ్లు పోశానన్న వాక్యం దగ్గర కలం ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. ఛాతీ మీద ఏదో కాస్త పక్కకు జరిగింది. ఇంత తేలికగా వచ్చే మాటనా ఇన్నేళ్లు ఆపుకున్నాను? ఇదే మాట ఆ రోజు వీధిలో పలికి ఉంటే ఆయన మర్నాడు గంప దించి కుంచె పట్టుకునేవాడు.

సామేలూ, నీ చెయ్యి తప్పలేదు.