కబురు లేని మోత

నందికొట్కూరు దగ్గర మా ఊళ్లో ఢామ్మని ఏది మోగినా మగవాళ్ల చెయ్యి ముందు మంచం కింది కొడవలి మీదికి పోతుంది. అందుకే ఏళ్ల తరబడి కక్షలతో కొట్టుకున్న మా ఇంటికీ మా మేనమామ ఇంటికీ రాజీ చేసినప్పుడు పెద్దమనుషులు ఒక షరతు పెట్టారు. పెళ్లిలో టపాసులు కాల్చినా, బావిలో బండ పేల్చినా, ముందుగా ఎదుటి ఇంటికి కబురు చేయాలి. దీపావళికి కూడా చేసేవాళ్లు. నాకు నవ్వొచ్చేది. అమ్మ మాత్రం నవ్వేది కాదు. అవతల ఉన్నది ఆమె తోడబుట్టిన తమ్ముడు.

ఆ రోజు పొద్దుగుంకాక మిద్దె మీద ఎండుమిరపకాయలు గోనెలకు ఎత్తుతున్నాను. ఉన్నట్టుండి నా నీడ నా ముందుకొచ్చి పడింది. తలెత్తితే ఆకాశాన్ని అడ్డంగా చీల్చుకుంటూ పచ్చటి మంటతో రాలుతున్న ఉల్క. నడినెత్తిన ముక్కలై, ఎర్రటి నిప్పులు రాల్చి ఆరిపోయింది. కాసేపటికి మోత వచ్చింది. మిద్దె అదిరింది. కింద కిటికీ అద్దాలు పగిలాయి, గొడ్లు పలుపులు తెంచుకున్నాయి.

టీవీ ముందు అన్నం తింటున్న మా అన్నకు ఆ వెలుగు తెలియదు, మోతే తెలుసు. అదీ కబురు లేని మోత.

"మామ బాంబేపిచ్చినాడు" అని ఎంగిలిచేత్తోనే కొడవలి లాక్కుని వీధిలో పడ్డాడు. అది ఆకాశంలోదని అరుస్తూ నేను వెనకే పరుగెత్తాను. కోపమొచ్చిందంటే మా ఇంట్లో ఆడదాని మాట ఎవడికి కావాలి?

సందు మలుపులో మామ ఎదురొచ్చాడు. చేతిలో టార్చిలైటు తప్ప ఏమీ లేదు. పరుగెత్తుకుంటూ వస్తున్నాడు, ఆ పరుగు చూసి తన మీదికే వస్తున్నాడనుకున్నాడు మా అన్న. కొడవలి దిగింది. టార్చి పట్టుకున్న చెయ్యి మణికట్టు దగ్గర తెగి వేలాడింది. నెత్తురు నా పాదాల దాకా చిమ్మింది. మా అన్నను అక్కడే చంపేయాలనిపించింది నాకు.

"మాది కాదప్పా" అన్నాడు మామ, కూలబడుతూ. "అది చెప్పేదానికే వస్తాండా."

కర్నూలు ఆసుపత్రిలో ఆ చెయ్యి తీసేశారు. గడ్డి కోసే మిషన్లో పడిందని మామ పోలీసులకు చెప్పాడు. అన్న వరండాలోనే కూర్చున్నాడు, లోపలికి రాలేదు. అమ్మ అన్నం కలిపి తమ్ముడి నోట్లో పెడుతూ, ఒక్క కబురు ముందుగా చేసుంటే నీ చెయ్యి నిలిచేది కదరా అని ఏడ్చింది.

"నాకు మాత్రం యాడ తెలుసక్కా" అన్నాడు మామ. "పైనోడు నాకు ముందే చెప్పింటే, నేనొచ్చి మీకు చెప్పనా?"