గ్యాస్‌కు మాత్రమే ఇచ్చిన అప్పు

మహేశ్వరం దగ్గర ఫ్యాక్టరీలకు కరెంటు అమ్మే ఒక చిన్న ప్రైవేటు ప్లాంటులో నేను ఆపరేటర్‌గా పనిచేసేవాణ్ణి. మా ఇంజన్లు గ్యాస్‌తో నడిచేవి. గల్ఫ్ వైపు యుద్ధం మొదలయ్యాక గ్యాస్ ధర మేం కొనలేనంత పెరిగింది. ఒక్కో ఇంజనూ ఆపుకుంటూ వచ్చాం. మా ప్లాంటు ఎలక్ట్రీషియన్‌కు దుబాయ్‌లో ఒక తమ్ముడు ఉండేవాడు. విమానాలు రద్దయి అక్కడే చిక్కుకుపోయాడు. ఎలక్ట్రీషియన్ పని మధ్యలో మాటిమాటికీ ఫోన్ చూసుకునేవాడు.

ఆ రోజుల్లోనే ప్రభుత్వం ప్రైవేటు కరెంటు కంపెనీలకు అప్పులిస్తామంది. మా ఓనరు వెళ్లి సంతకాలు చేసి వచ్చి, అందరినీ షెడ్డులోకి పిలిచారు.

“అప్పు వచ్చింది. కాని గ్యాస్ కొననీకే వాడాల్నట. జీతాలకు ముట్టరాదు.”

అప్పటికే మాకు జీతాలు ఆగిపోయి ఉన్నాయి.

“ఇంజన్లకు తిండి దొరికింది. మరి మాకేది సార్?” అన్నాడు ఎలక్ట్రీషియన్. గొంతులో కోపం లేదు. ఓనరు తల దించుకున్నారు.

“శంషాబాద్‌ల నా ప్లాటు బేరం పెట్టిన. జర ఆగుర్రి. ఆగలేనోళ్లు పోతే నేనేం అనుకోను.”

కొందరు వెళ్లిపోయారు. పిల్లల ఫీజులున్నవాళ్లు, వాళ్లనేం అంటాం? నేను ఉండిపోయాను. అది ధైర్యం కాదు. నా భార్య పనిచేసే మందుల ఫ్యాక్టరీ మా కరెంటుతోనే నడిచేది. మేం ఆపితే మా ఇంట్లో ఆమె జీతం కూడా ఆగేది.

ఇల్లు కట్టుకుందామని ఉంచుకున్న ప్లాటు అమ్మి, ఆయన మా జీతాలిచ్చారు. “ఆలస్యమైంది, ఏమనుకోకు” అన్నారు నాతో.

యుద్ధం ఆగింది. ఎలక్ట్రీషియన్ తమ్ముడు క్షేమంగా ఇల్లు చేరాడు. గ్యాస్ ధర దిగింది కాని, అప్పు కిస్తీలు దిగలేదు. అవి కట్టలేక ఓనరు ప్లాంటును ఒక పెద్ద కంపెనీకి అమ్మేశారు.

చివరి రోజు ఎలక్ట్రీషియన్ ఉండబట్టలేక అడిగాడు. “ఆ అప్పు తీసుకోకుంటే ప్లాంటు మీకే ఉంటుండె గద సార్?”

“ఉంటుండె. తాళం ఏస్కొని ఉంటుండె,” అన్నారాయన.

కొత్త కంపెనీ మమ్మల్ని తీసేయలేదు. మొన్న నేనూ నా భార్యా పాత ఓనరు ఉంటున్న కిరాయి ఇంటికి వెళ్లాం. ట్రాన్స్‌ఫార్మర్లు బాగుచేసే షాపు పెడతానంటూ, చాయ్ చల్లారిపోయినా పట్టించుకోకుండా, ఆయన ఉత్సాహంగా చెబుతూనే ఉన్నారు.